ఎడమ చెయ్యి ఎత్తిన పిల్ల

అప్పట్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. నాకు పాఠం చెప్పడం వచ్చుననేది ఒకటి, పిల్లలకు ఏమీ రాదనేది రెండోది. అశోక్ నగర్ గదిలో సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతూ, చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సోషల్ సారుగా చేరిన రోజులవి. (పరీక్షలన్నీ తప్పాను. ఆ కోపమంతా ఆరో తరగతి మీద చూపించేవాణ్ణి.) పెద్ద మేడం నా పాఠం చూడ్డానికి వస్తారని, అది నచ్చితేనే నౌకరి నిలుస్తుందని తెలిసి, ముందురోజే పిల్లలకు నేర్పాను: ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి, జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. ఎవరిది ఏ చెయ్యో కూడా నేనే నిర్ణయించాను.

మర్నాడు బెంచీలు గుండ్రంగా జరిపి వార్డు సభ ఆట పెట్టాను. బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘ఎదుటివారి మాట పూర్తిగా విందాం’ అని రాశాను. అంతా బాగానే సాగుతుండగా మేడమే లేచి, “గల్లీల నల్లా నీళ్లు రాకపోతే ఏం చేస్తరు?” అని అడిగింది. చేతులన్నీ లేచాయి. ఆమె వేలు, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి కూతురి ఎడమ చేతి మీద ఆగింది.

“ఆ పిల్లకు రాదు మేడం!” అని అరిచాను.

“వొస్తది మేడం. సారే నన్ను ఎడమ చేతిల ఏసిండు.”

ముందు బెంచీవాడు లేచి మా ఏర్పాటంతా గర్వంగా వివరించాడు. మేడం నావైపు చూడకుండా, “నువ్వు చెప్పమ్మా” అంది.

“ముందుగాల పక్కింటోళ్లను కూడగట్టాలె మేడం. మా అమ్మ ఒక్కతే పోతే ఆఫీసోళ్లు ఇనలే. ఇరవై మంది పోతే ఇన్నరు.”

నా పుస్తకంలో అంత మంచి జవాబు లేదు. అయినా మేడం అటు వెళ్లగానే ఆ బోర్డు ముందే నిలబడి, “నా నౌకరి తియ్యనీకే వచ్చినవా? నడువ్ బయటికి!” అని గర్జించాను. గంట కొట్టేదాకా వరండాలో నిలబెట్టాను. నౌకరి పోలేదు. నెల తిరక్కుండానే మేస్త్రికి ఇంకోచోట పని దొరికి, ఆ పిల్లే వెళ్లిపోయింది. తప్పయిందని చెప్పలేదు నేను. సమయం లేక కాదు, సారునన్న పొగరు. తలచుకుంటే ఇప్పటికీ ఆ కుర్రసారు చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు బర్కత్‌పురలో కొత్త టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను. అంశం, పిల్లల మాట వినడం (మీరు నవ్వవచ్చు). మొన్న ఒకమ్మాయి మధ్యలో లేచి, “సార్, మీరు చెప్పేది తప్పేమో” అంది. గొంతు దాకా వచ్చిన గర్జనను మింగి, కుర్చీ లాక్కుని కూర్చుని, “చెప్పమ్మా” అన్నాను. పావుగంట చెప్పింది. నేను చెప్పేది తప్పే.