కటవారియా సరాయ్ మెస్సులో గీసిన బొమ్మ

పోయినవి ముందు చెబుతాను. కుంచెలు పన్నెండు, పెన్సిళ్లు నాలుగు, అడుగు స్కేలు, డివైడరు, భూతద్దం, గడులు గీసిన ప్లాస్టిక్ కాగితం, ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో. మొత్తం ఇరవై ఒకటి. అన్నీ ఒకే సంచిలో ఉండేవి. సంచి ఢిల్లీ దాకా నాతో వచ్చింది కానీ నాతో దిగలేదు.

విజయవాడలో ఫోటోలు చూసి బొమ్మలు వేయడం నా వృత్తి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోటో మీద గడులు గీసి, అవే గడులు కాన్వాసు మీద పెద్దవిగా గీసి, ఒక్కో గడిలో ఉన్నది అక్కడికి దించుతాను. ముప్పై ఏళ్లలో ఏ ముక్కూ వెంట్రుకవాసి పక్కకు పోలేదు. "అచ్చం ఫోటోలాగే ఉంది" అంటారు. ఈ మధ్య ఆ మాట విన్నప్పుడల్లా, ఫోటో ఉండగా మళ్లీ నేనెందుకు అనిపిస్తోంది.

అలాంటప్పుడు శ్రీకాంత్ ఫోన్ చేశాడు. ఖమ్మం కుర్రాడు, ఢిల్లీలో సివిల్స్‌కు చదువుతున్నాడు. కటవారియా సరాయ్‌లో రమణమ్మ గారని ఒకావిడ పదిహేనేళ్లుగా తెలుగు పిల్లలకు మెస్సు నడిపింది. ఆదివారం మూసేసి కందుకూరు వెళ్లిపోతోంది. పిల్లలంతా కలిసి ఆమెకు ఆమె బొమ్మ ఇవ్వాలనుకున్నారు. ఆమెకున్న ఒకే ఒక్క మంచి ఫోటో పోస్టులో పంపారు. గడులు గీశాను. ముఖం ముప్పై ఆరు గడుల్లో పట్టింది. ఇంట్లోనే వేసి పంపొచ్చు. ఎందుకో ఈసారి మనిషిని చూడాలనిపించింది.

బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు రైలెక్కాను. పెట్టె, కాన్వాసు చుట్ట, పనిముట్ల సంచి. మూడు. ఎదురు బెర్తులో గుర్గావ్‌లో ఉన్న కూతురి దగ్గరకు వెళ్తున్న పెద్దాయన అడిగారు.

"సామాను లెక్కపెట్టుకున్నారా?"

"మూడండీ."

"అదృష్టవంతులు. నాకు మా ఆవిడతో కలిపి ఏడు."

"నన్నెందుకు లెక్కేస్తారు, నేను నడుస్తాగా!" అందావిడ.

ఖమ్మంలో శ్రీకాంత్ వాళ్లమ్మ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, కొడుక్కిమ్మని ఆవకాయ డబ్బా ఇచ్చింది. ఢిల్లీ వెళ్లేవాడి చేతికి పచ్చడి ఇవ్వకుండా ఉండే తల్లి ఎవరు? కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు న్యూఢిల్లీలో దిగి లెక్కపెట్టాను. మూడు. సరిపోయింది. మెట్రోలో హౌజ్ ఖాస్ వెళ్లి, అక్కడ ఆటో మాట్లాడుకుని, శ్రీకాంత్ గదికి మూడంతస్తులు ఎక్కాక తెలిసింది, ఆ మూడోది ఆవకాయ.

"అదెట్ల సార్, పచ్చడొచ్చి కుంచెలు పోయినయా?" అన్నాడు శ్రీకాంత్. రైల్వే హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాం. సంచి దొరకలేదు.

శుక్రవారం పొద్దున్నే కుంచెలు, పెన్సిళ్లు, రంగులు, స్కేలు కొన్నాను. ఫోటో ఎక్కడ కొనను? శ్రీకాంత్ ఫోనులో నలభై దాకా ఉన్నాయి. ప్రతిదాంట్లో ఆవిరో, గరిటెనో అడ్డం. ఫోటో అనగానే ఆమె ముఖానికి గరిటె అడ్డం పెట్టుకుంటుందట. స్టూడియోకి రమ్మంటే మధ్యాహ్నం అరవై మందికి ఎవరు వండుతారంది.

మెస్సు అంటే ఒక వంటగది, ఒక వరండా. మూలన స్టూలు వేసుకుని, చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, కుంచె మీద ఆమె కొలతలు తీయడం మొదలుపెట్టాను. నుదురు కొలిచేలోపు రెండో పొయ్యి దగ్గరికి పోయింది.

"ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండమ్మా."

"నేను కూర్చుంటే పప్పు కూర్చుంటదా అయ్యా? అడుగంటుద్ది. మీరు కాస్త జరగండి, వేడి గంజి."

శుక్రవారం నాలుగు బొమ్మలు మొదలుపెట్టి చెరిపేశాను. శనివారం ఏడు. కొలతలు సరిగ్గానే ఉన్నాయి, మనిషే లేదు. రాత్రి శ్రీకాంత్ గది మడతమంచం మీద అటూ ఇటూ దొర్లాను. మర్నాడు అరవై మంది ముందు ఉత్త కాన్వాసు ఇవ్వాలా?

ఆదివారం పదకొండింటికి చివరి వంట. పిల్లలు అప్పటికే కంచాలు పట్టుకుని నిలబడ్డారు. "ఆంటీ, ఇంకా ఎంతసేపు?" "ఆగండిరా, సచ్చేదాకా ఆకలేనా మీకు!" ఆమె ఒక చేత్తో పప్పు కలుపుతూ, రెండో చేత్తో అప్పడాలు తిప్పుతోంది. స్కేలు కిటికీలో పెట్టేశాను. పెన్సిలు ముట్టలేదు. సరాసరి రంగుతోనే దిగాను. ఆమె తిరిగినప్పుడు నా భుజమూ తిరిగింది. ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పలేను. నేను గడియారం చూడని పని అదొక్కటే.

ఆమె చెయ్యి ఉండాల్సిన దానికన్నా బారెడు పొడుగొచ్చింది. ముఖం ఉండాల్సిన చోట ఆవిరి.

పిల్లలు కంచాలతోనే చుట్టూ మూగారు. "గా చెయ్యే సార్," అన్నాడు శ్రీకాంత్. "పరీక్ష పోయిన రోజు అడగకుండనే రెండోసారి వడ్డించిన చెయ్యి." వెనక్కి తిరిగి చేతులు కడుక్కున్నాడు, అప్పటికింకా తినకపోయినా.

రమణమ్మ గారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. చాలాసేపు చూశారు.

"బాగుంది. నా ముఖం ఏదండీ?"

"కుదర్లేదమ్మా."

"పదిహేనేళ్లు ఎక్కడికి పోయావంటే మావాళ్లకి ఇదేగా చూపిచ్చేది. ముఖం లేకపోతే ఎవరైనా కావొచ్చు. తీసకపోయి ముఖం పెట్టి పంపండి." కోపంగా అనలేదు. నాకు రెండోసారి పప్పు వడ్డించి మరీ అన్నారు.

సోమవారం సాయంత్రం తిరుగు రైలు. పెట్టె, కాన్వాసు, కొత్త కుంచెల సంచి, ఖమ్మంలో ఇవ్వాల్సిన ఖాళీ ఆవకాయ డబ్బా. నాలుగు. తడి ఆరలేదని కాన్వాసును చుట్టకుండా అట్టకు బిగించి బెర్తుకు ఆనించాను. పక్కనున్న పాప చాలాసేపు దాన్ని చూసి, వాళ్లమ్మతో "ఆకలేస్తోంది" అంది. ముప్పై ఏళ్లలో నా బొమ్మ చూసి ఎవరికీ ఆకలి వేయలేదు.

తర్వాత రమణమ్మ గారు కందుకూరు నుంచి కొత్త ఫోటో పంపారు. కదలకుండా దిగారు. గడులు గీసి, వేరే కాగితాల మీద అయిదుసార్లు వేశాను. అయిదూ అచ్చం ఫోటోలాగే ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్నీ ఆ చేతికి అతికించడానికి నాకు చెయ్యి రాలేదు. అతికించకుండా పంపడానికీ మనసొప్పలేదు.

కాన్వాసు ఇంకా నా గోడకే ఉంది. ఆమెకు నేను పడ్డ బాకీ ఇవాళ్టికి ముప్పై ఆరు గడులు.