హేండిలు మీద బొటనవేలు

దగ్గరకు జరిగి కూర్చోండి, చెబుతాను. లారీలను ముందువైపు ఇనుప హేండిలు పెట్టి తిప్పి స్టార్టు చేసే రోజులవి. తిండి పెట్టి డ్రైవరు పని నేర్పుతామని ఒక కంపెనీ పిలిస్తే, మా ఆయన వెళ్తానన్నాడు. పలాస స్టేషనులో బండి కోసం కూర్చుని కూడా నేను వద్దంటూనే ఉన్నాను.

“ఊరికే నేర్పడానికి ఆళ్ళేటి, నీకు మావలా?”

పక్క బల్ల మీది ముసలాయన నవ్వి, తన చేతికర్ర మా ఆయనకిచ్చాడు. “హేండిలు ఎలాగ పడతావో సూపించు బాబూ.”

మా ఆయన కర్ర చుట్టూ బొటనవేలు కూడా చుట్టి పిడికిలి బిగించాడు. ముసలాయన ఆ బొటనవేలు విడదీసి, మిగతా వేళ్ళ పక్కకు జరిపాడు.

“ఇంజిను ఎనక్కి తన్నితే సుట్టిన ఏలు ఇరిగిపోద్ది. ఆళ్ళు తిప్పమంటారు గానీ ఇది సెప్పరు.”

నాకు అనుమానం పెరిగింది. “నువ్వు ఆ కంపెనీ మనిషివేటి?”

“ఒకప్పుడు,” అంటూ వంకరపోయిన బొటనవేలు చూపించాడు.

మా ఆయన వెళ్ళాడు. పని నేర్చుకుని ఇంటికొచ్చిన రోజు, అన్నం పెట్టకముందే ఆయన రెండు చేతులూ పట్టుకుని చూశాను. వేళ్ళన్నీ తిన్నగానే ఉన్నాయి.

మీ ఇంట్లోంచి పనికి వెళ్ళినవాళ్ళంతా అలాగే చల్లగా తిరిగి రావాలి.