క్లీనప్ అని మార్చిన టైటిల్

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది నన్ను పాల కేంద్రాల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు, కొత్త మార్పుల విడుదల చూసుకునే రిలీజ్ మేనేజర్‌గా వేశారు. బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి మారికుప్పం రైల్లో రోజూ బెంగళూరు వెళ్లివచ్చేదాన్ని. కోలారు జిల్లా పల్లెల్లో రైతు పోసిన పాలకు మిషన్ చూపించే ఫ్యాట్, అంటే వెన్న శాతం, తీసుకుని చీటీ ఇవ్వడం ఆ సాఫ్ట్‌వేర్ పని.

కోడ్‌లో చేసిన మార్పును భద్రపరిస్తే కమిట్. దాన్ని అసలు కోడ్‌లో కలపమని అడిగితే పుల్ రిక్వెస్ట్. రెండింటికీ ఒక్క వరుస టైటిల్ ఉంటుంది. నేను వెళ్లేసరికి అవన్నీ "చిన్న మార్పు", "ఫైనల్", "మళ్లీ ఫైనల్". నేనొక పద్ధతి పెట్టాను. తప్పు సరిచేస్తే "ఫిక్స్" అని, ఊరికే సర్దితే "క్లీనప్" అని, పాతది పనిచేయకుండా పోతుంటే "బ్రేకింగ్" అని టైటిల్ మొదలవ్వాలి. బ్రేకింగ్ అయితే పాత మిషన్లన్నిటి మీదా పరీక్షించాలి, క్లయింట్ ఒప్పుకోవాలి. క్లీనప్‌కు అవేవీ అక్కర్లేదు. మా నాన్న పనిచేసిన గనిలో, పేలకుండా మిగిలిన మందు ఎక్కడుందో పని ముగించి వెళ్లే షిఫ్టు వచ్చే షిఫ్టుకు చెప్పి తీరాలి. నాకు తెలిసిన పద్ధతి అదే.

మా కేజీఎఫ్ అమ్మాయి స్టెల్లా అప్పుడు కాంట్రాక్టు మీద పనిచేస్తూ పర్మనెంట్ కోసం ఎదురు చూస్తోంది. "బ్రేకింగ్: పాత మిషన్ల ఫ్యాట్ ఇక తీసుకోదు" అని తన మార్పుకు సరిగ్గా రాసింది. రిలీజ్ జాబితా టైటిళ్ల నుంచే తయారవుతుంది. నా చేతికి వచ్చిన జాబితాలో మాత్రం "క్లీనప్: మిషన్ కోడ్ సర్దుబాటు" అని ఉంది. పరీక్ష లేకుండానే విడుదలైంది. మర్నాడు పొద్దున నంగలి వైపు కేంద్రాల్లో పాత మిషన్ల దగ్గర రైతులు క్యాన్లతో నిలబడిపోయారు. ఎండెక్కేసరికి పాలు విరిగిపోయాయి.

మీటింగులో డెలివరీ మేనేజర్ వెంకటేశప్ప నెపమంతా స్టెల్లా మీదికి నెట్టాడు. "ఆ యమ్మే క్లీనప్ అని రాసి లోపలికి తోసినాది" అన్నాడు.

"నేను అట్ల రాయలేదు సార్. మీరే మార్చినారు" అంది స్టెల్లా.

టైటిల్‌ను ఎవరు మార్చారో ఆ పుల్ రిక్వెస్ట్ పేజీలోనే ఉంటుంది. స్క్రీన్ మీద పెట్టాను. వెంకటేశప్ప పేరే ఉంది. అతను సిగ్గుపడలేదు. "క్లయింటు పది ప్రశ్నలేస్తాడని మార్చినాను. టైటిలే కదమ్మా, కోడు ఆ యమ్మది కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కలపడానికి ముందు ఆ కోడ్‌లో ఏముందో చూసి కూడా ఆమోదించిన ఇద్దరు సీనియర్లు తేలుకుట్టిన దొంగల్లా కూర్చున్నారు. కోడ్ స్టెల్లాదేనని పైవాళ్లూ తేల్చేశారు. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

ఆ తర్వాత నేను ఇంకో నియమం చేర్చాను. రాసినవాళ్లు కాక ఇంకెవరైనా టైటిల్ మారిస్తే ఆమోదాలన్నీ రద్దవుతాయి, పని మళ్లీ మొదటికి వస్తుంది. పైవాళ్లు మెచ్చుకుని మిగతా ప్రాజెక్టుల్లోనూ పెట్టారు. కొత్తవాళ్లకు దాన్ని నేర్పే పని వెంకటేశప్పకు అప్పగించారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఈ ఉదంతం నేర్పింది ఒకటే. రాసేవాళ్లకు నియమం పెట్టి, మార్చేవాళ్లకు పెట్టకపోతే, దాని దెబ్బ నిజం రాసినవాళ్లకే తగులుతుంది.