నడుం లోతు నీళ్లు

ఖమ్మం మార్కెట్ యార్డుకు పోయే మిర్చి లారీ మా టూర్ల ఆఫీసు ముందు ఆగిందంటే లోపల ఎవరికీ ఊపిరాడదు. ఇవాళ మధ్యాహ్నం అదే జరిగింది. కంప్యూటర్‌లో అండమాన్ బొమ్మ పెట్టి, కొత్తగా పెళ్లైన జంటకు ఏ దీవిలో దిగాలో, ఏ పూట ఏం తినాలో వర్ణిస్తున్నాను. ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగి బొమ్మలోని సముద్రం నిజంగానే కదిలింది. “ఏడుస్తున్నరేంది సార్?” అని ఆ అమ్మాయి కంగారుపడింది. “ఆ దీవి అందం అట్లాంటిదమ్మా, తలుచుకుంటే ఆగదు” అన్నాను. ఈ ఆఫీసు నడిపిన రజియా ఆపా ఉండి ఉంటే “ముందు మొహం కడుక్కో, తర్వాత సముద్రం అమ్ము” అనేది. వాళ్లు వెళ్లాక కుర్చీలో నిలవలేకపోయాను. గుమ్మం దాకా, మళ్లీ గోడ దాకా తిరుగుతూ ఉన్నాను. ఆ తిరుగుడు కూడా ఆపాదే.

ఆపా పోయి చాలాకాలం కాలేదు. ఆమెను చూడనివాళ్లకు చెప్పాలంటే, నిలబడి బతికిన మనిషి. భర్త పోయాక ఆయన నడిపిన యాత్రల బస్సును తన చేతుల్లోకి తీసుకుంది. ఆఫీసులో కుర్చీలన్నీ వచ్చినవాళ్లకే. తను మాత్రం చెవికి ఫోను ఆనించుకుని, ముక్కు మీది కళ్లద్దాలు పైకి తోసుకుంటూ అటూ ఇటూ నడిచేది. నేను అప్పట్లో గోదావరిలో పాపికొండల లాంచీ మీద మైకు పట్టుకుని కబుర్లు చెప్పేవాణ్ణి. అదిగో, ఆ కొండ మీది పులి ఆదివారం ఆదివారం ఒడ్డుకొచ్చి కూర్చుంటుందనీ, టికెట్ కొననివాళ్లను వాసన పట్టేస్తుందనీ చెప్పేవాణ్ణి. ఒకరోజు ప్రయాణికుల్లోంచి ఆపా లేచి, “పులి నీకేమైతది బేటా?” అంది. “మేనమామ” అన్నాను. “మంచి ఖాందాన్. రేపు ఖమ్మం రా, నా దగ్గర పని చేస్తువుగాని” అంది. వెళ్లాను. మొదటిరోజే ఒక్క షరతు పెట్టింది. “అరె శ్రీనూ, నీ అబద్ధాలు చాయ్‌తోటి పొయ్యి, అందరూ తాగుతరు. టికెట్ మీద మాత్రం పొయ్యకు.”

మా వైపు టూరంటే బస్సు వెనక గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, వీలైతే ఒక వంటమనిషి. కాశీ వెళ్లినా కన్యాకుమారి వెళ్లినా మన అన్నం మనమే వండుకోవాలి. వంటమనిషి దొరకకపోతే వెంట వచ్చిన ఆడవాళ్లే ఆ పని చేస్తారు. మగవాళ్లు గుడి చూసి వచ్చేసరికి వాళ్లు ఉల్లిపాయలు తరుగుతూ ఉంటారు. దీన్ని ఎవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆపా మొదటిసారి దీవుల టూరు మొదలుపెట్టినప్పుడు సత్తుపల్లి దగ్గరి రైతు వెంకట్రావు గారు, భార్య సులోచన గారితో వచ్చారు. మిర్చి అమ్మకం అయిపోయింది, తమ్ముడి కుటుంబంతో కలిసి అండమాన్ చూడాలి.

“జైలు, పగడాలు, ఏనుగులు, ఏదీ వదలొద్దమ్మా” అన్నారాయన. “బస మాత్రం వంటగది ఉన్నదే చూడండి. మనకు బయటి కూడు పడదు. బియ్యం, పప్పు మేమే తెచ్చుకుంటాం. మా ఆవిడ చేతిలో పని, చిటికెలో అయిపోద్ది.”

ఈలోగా నేను చాయ్ ఇచ్చి, అక్కడి పీతలు తలుపు కొట్టి మరీ గదిలోకి వస్తాయని చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు. ఆపా నవ్వలేదు. నడవడం ఆపి, అప్పటిదాకా నోరు విప్పని సులోచన గారి ముందు నిలబడింది.

“వదినా, నీకేం చూడాలని ఉన్నది?”

“నాదేముందమ్మా, ఆయన ఎట్టంటే అట్టా.”

“ఆయనది రాసుకున్న. నీది చెప్పు.”

సులోచన గారు గ్లాసు అంచు చెంగుతో తుడిచి, “సముద్రంలో నడుం దాకా దిగి నిలబడాలని ఉంది” అంది. తనే సిగ్గుపడి నవ్వేసింది.

“అదెంత పని, దిగుదువుగానీ” అన్నారు వెంకట్రావు గారు. “వంట కాగానే.”

ఆపా వెంటనే అండమాన్‌లోని నీల్ దీవికి ఫోన్ కలిపింది. హిందీలో ఏదో అడిగి, ఫోను పెట్టేసి, గోడ దాకా వెళ్లి వచ్చింది. వీళ్లు వెళ్లే రోజుల్లో అక్కడ పొద్దెక్కాక నీళ్లు నిండుతాయట. మధ్యాహ్నం భోజనాల వేళకు వెనక్కి పోయి రాళ్లు, పగడాలు బయటపడతాయి. అప్పుడు పాదం మోపినా కోసుకుపోతుంది. అంటే అన్నం ఉడికే సమయమూ, సముద్రం నిండే సమయమూ ఒకటే.

“వంటగది ఉన్న రూము ఉన్నదన్నా. కానీ నేను ఇయ్య” అంది ఆపా.

“ఇవ్వకపోతే ఊళ్లో ఇంకో ఆఫీసే లేదా?” అని ఆయన లేచారు. సులోచన గారు ఆయన వెనకే వెళ్లింది. ఆ వేసవికి మాకున్న దీవి టూరు అదొక్కటే. నా కాళ్లు ఆగలేదు. “ఆపా, కొబ్బరాకులు అంటుకుంటాయని ఆ దీవిలో పొయ్యి వెలిగించనివ్వరని చెప్తా, నమ్ముతాడు” అన్నాను. “నమ్ముతడు. గందుకే వద్దు” అంది. ఆ రెండు రోజులూ ఇద్దరం అంత చిన్న గదిలో ఒకరికొకరు అడ్డం పడుతూ తిరిగాం.

మూడోనాడు వెంకట్రావు గారు ఒక్కరే వచ్చారు. “ఏం మందు పెట్టావమ్మా మా ఆవిడకి? వండటానికైతే నేను రాను, మీరే పోయిరండి అంటంది.” ఆపా మాట పెంచలేదు. నీల్‌లో భోజనం పెట్టే ఒక బెంగాలీ ఇల్లాలికి ఫోన్ చేసి పప్పుచారు ఎట్లా పెట్టాలో ఆయన ముందే చెప్పింది. మన కారం, చింతపండు ఒక సంచిలో కట్టి నాకిచ్చి, వాళ్ల వెంట నన్ను పంపింది.

నీల్ చేరేదాకా టూరు బాగానే నడిచింది. దీవికి తీసుకెళ్లే పడవను గోదావరి లాంచీ అనుకుని, వెంకట్రావు గారు మధ్యలో చెయ్యి ఊపి ఆపమనడం ఒక్కటే ఇబ్బంది. నీల్‌లో దిగిన మర్నాడు పొద్దెక్కగానే సులోచన గారు ముతక చీర కట్టుకుని బయల్దేరింది. తమ్ముడి కుటుంబం అప్పటికే ఒడ్డున ఉంది. అప్పుడు వెంకట్రావు గారు పెట్టె తెరిచి, పంచెల మధ్య దాచి తెచ్చిన రైస్ కుక్కర్ బయటికి తీశారు.

“ఆ బెంగాలామె అన్నం పలుకుగా ఉంటందే. కాస్త మెత్తగా వండి పెట్టి పో. చిటికెలో పని.”

ఆమె గుమ్మంలో ఆగిపోయింది. ఎదురుగా నీళ్లు పచ్చగా నిండుతున్నాయి. చెంగు బొడ్లో దోపుకుని వెనక్కి తిరగబోయింది. నాకు ఏ అబద్ధమూ తోచలేదు. ఆపాకు ఫోన్ చేశాను. విషయం విని, “ఫోన్ అన్నకియ్యి” అంది. ఆయన చాలాసేపు వింటూ ఉన్నారు. “ఊఁ” అన్నారు, మళ్లీ “ఊఁ” అన్నారు. ఫోను నాకిచ్చి, లుంగీ ఎగ్గట్టి, భార్య వైపు చూడకుండానే, “సరే, పోయిరా” అన్నారు.

తిరిగొచ్చాక ఆయనకేం చెప్పావని ఆపాను అడిగాను. “ఏం చెప్తనురా! మా ఆయన ఉన్నప్పుడు బస్సుతోటి వండుకుంట ఎన్ని ఊర్లు తిరిగిననో చెప్పిన. అన్ని ఊర్లల్ల పొయ్యి ఒక్కతీరుగనే ఉంటదన్నా అన్న, గంతే” అంది. కిటికీ వైపు తిరిగి మళ్లీ ఎవరికో ఫోన్ కలిపింది.

ఇప్పుడు ఈ కుర్చీల ముందు నేను నిలబడి, ఏం చూడాలని ఉందని అడుగుతున్నాను, మాట్లాడేవాళ్లను వదిలేసి మాట్లాడనివాళ్లను. కొందరు విసుక్కుంటారు, కొందరు లేచిపోతారు. నా కబుర్లు మాత్రం తగ్గలేదు. పులి ఇప్పటికీ మా మేనమామే. కానీ నీల్‌లో ఆ పొద్దుటి సంగతికి ఏదైనా అతికిద్దామని ఎన్నిసార్లు చూసినా అతకదు. ఒకసారి రెండు డాల్ఫిన్లు పెట్టి చూశాను, నిలవలేదు. వరండాలో వెంకట్రావు గారు తడి బియ్యం గిన్నె రెండు చేతులా పట్టుకుని, “ఎసరెంతే? సులోచనా, ఎసరెంత పొయ్యాలే?” అని అరుస్తున్నారు. ఆ కేక ఒడ్డు దాకా స్పష్టంగా వినిపిస్తోంది. ఆమె నడుం లోతు నీళ్లలో, అరచేతులు నీళ్ల మీద ఆనించి, అట్లాగే నిలబడి ఉంది. వెనక్కి తిరగలేదు.