బాణానికి ఎదురుగా పెట్టిన చెయ్యి

2023. జీడిమెట్లలో మా యూనిట్. కోకాపేట టవర్లకు లిఫ్టులు బిగించే హైటెక్ సిటీ కంపెనీ ఒకటి, వాటి కంట్రోల్ బోర్డులు మా దగ్గర చేయించుకునేది. నేను ప్రాసెస్ ఇంజనీర్ని. అనుమానం నాకు వృత్తితో వచ్చిందో పుట్టుకతో వచ్చిందో తెలియదు. పాలపాకెట్ మీద తేదీ చూడందే ఇంట్లోకి రానివ్వను.

ముందు పని సంగతి చెబుతాను. బోర్డుకు పైనుంచి గుచ్చిన భాగాల పిన్నులు అడుగున పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కోదానికీ చేత్తో టంకం పెడుతూ కూర్చుంటే ఏళ్ళు పడుతుంది. అందుకే వేవ్ సోల్డరింగ్. బోర్డును పాలెట్ అనే చట్రంలో బిగించి కన్వేయర్ మీదికి వదులుతాం. మొదట అడుగున ఫ్లక్స్ చల్లుతుంది మిషను. లోహం మీది మురికిని అది వదలగొడుతుంది. తర్వాత ప్రీహీట్, అంటే బోర్డును కాస్త వేడెక్కించడం. ఆఖరున సోల్డర్ తొట్టి, అంటే కరిగిన టంకం. పంపు ఆ సోల్డర్‌ను అలలా పైకి లేపుతుంది, బోర్డు అడుగు దానికి రాసుకుంటూ వెళ్ళిపోతుంది. అంతే, పిన్నులన్నీ అతుక్కుంటాయి.

ఒక్కోసారి పక్కపక్క పిన్నులు రెండూ కలిసిపోతాయి. దాన్ని బ్రిడ్జ్ అంటాం. లిఫ్టు బోర్డులో బ్రిడ్జ్ వస్తే ఎవరో ఒకరు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంటారు.

కొత్త మోడల్ మొదలైన నెలలోనే బ్రిడ్జులు మొదలయ్యాయి. ఫ్లక్స్ మార్చాను, వేడి పెంచాను, తగ్గించాను. ఊహూ! అప్పుడు యాదమ్మ మీద నా కన్ను పడింది. మూసాపేట నుంచి వచ్చే కాంట్రాక్టు మనిషి. ఆమే, ఇంకో అమ్మాయీ పాలెట్లను కన్వేయర్ మీద పెడతారు. ఏ వైపు ముందుకు పోవాలో పాలెట్ మీద బాణం గీసి ఉంటుంది. ఆ అమ్మాయి బాణం ప్రకారమే పెడుతోంది. యాదమ్మ మాత్రం అటూ ఇటూ చూసి, తిప్పి పెడుతోంది! మూడు రోజులు స్తంభం చాటునుంచి చూశాను. కావాలనే చేస్తోంది. పక్క కంపెనీవాళ్ళు పంపిన మనిషేమో అని కూడా అనుకున్నాను. ఆమెను తీసేయమని కాంట్రాక్టర్‌కు మెయిల్ కొట్టి, ఆమెను పిలిచాను.

"బాణం కనపడట్లేదా యాదమ్మా?"

"కనవడ్తది సారూ. గదే తప్పున్నది."

ఒళ్ళు మండిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవలు చెప్పాలె? మొన్నటిదాంక అతుక్కున్న పిన్నులు విడదీసే కాడ కూసున్న. ఈ కొత్త బోర్డుకు ఎప్పుడు జూడు, వరుసల ఆఖరి రెండు పిన్నులే అతుకుతయ్. తిప్పి వెడితే అతుకుతలేవ్."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పిన గద సారూ. బాణం జూసి పెట్టు, మిగతాది నీకెందుకు అని మీరే అన్నరు."

ఆమె అబద్ధం తేల్చడానికే పది బోర్డులు బాణం ప్రకారం, పది తిప్పి పంపించాను. బాణం ప్రకారం పోయినవాటిలో ఆరింటికి బ్రిడ్జులు. తిప్పినవి పదీ శుభ్రం. గబగబా డ్రాయింగ్ తీశాను. పిన్నుల వరుస చివర ఖాళీగా ఒక రాగి చుక్క ఉంటుంది. అలను వదిలేటప్పుడు మిగిలిపోయిన సోల్డర్‌ను అది లాక్కుంటుంది, కాబట్టి అది చివరన బయటికి రావాలి. కొత్త మోడల్లో ఆ వరుసను అటుదిటు చేశారు. పాత డ్రాయింగ్‌లోని బాణాన్ని చూసుకోకుండా కొత్తదాంట్లోకి దించేసింది నేనే. కింద సంతకం నాదే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే, "ఇంకో మనిషిని మాట్లాడేశానండి, రేపట్నుంచి వస్తుంది" అన్నాడు. తప్పు నాదండీ, ఆమెను తీయొద్దండీ అని బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు. హైటెక్ సిటీవాళ్ళ మీటింగ్‌లోనూ నా తప్పేనని చెప్పుకున్నాను.

మర్నాడు పాత బాణం చెరిపి, మార్కర్ యాదమ్మ చేతికిచ్చాను. నిదానంగా గీసింది. ఏదో పెద్ద గౌరవం చేస్తున్నాననుకుని, "కింద సంతకం కూడా నువ్వే పెట్టు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "సంతకం ఎందుకు సారూ? రేపు గిది గూడ తప్పయితే నా మీదికి తోస్తరా?"

మార్కర్ వెనక్కి తీసుకున్నాను. సంతకం నేనే పెట్టాను.

ఇప్పుడు బోర్డు చెడితే ముందు నేను గీసిన గీత చూసుకుంటాను, మనుషుల చేతులు తర్వాత. యాదమ్మ మాత్రం ఈనాటికీ నా కొత్త బాణం ఏది వచ్చినా, ఒక బోర్డును తిప్పి పంపి చూశాకే నమ్ముతుంది.