గంజి పట్టని పంచె

సెలెక్షన్ రోజు నన్ను ఎవరైనా పలకరిస్తే కరుస్తాను. ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ ఉదయం మా అత్తమ్మ టిఫిన్ బ్యాగు పట్టుకుని తార్నాకలో నా ఆటో ఎక్కేసింది. "నేను కోసిన గుడ్డలు ఏం జేస్తయో జూడొద్దా?" అంది.

నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతాను. తీరిక దొరికితే క్యాంపస్ చివర ఉన్న రేంజ్‌లో రైఫిల్ కాలుస్తాను. పాతకాలపు దానికి నకలుగా ఇప్పుడు చేసిన రైఫిల్ అది. తూటాలుండవు. ప్రతిసారీ గొట్టం మూతిలోంచి తుపాకి మందు పోసి, సీసపు గుండును నూనె గుడ్డలో చుట్టి, కడ్డీతో కిందికి దించాలి. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. గుండు వాటిని తాకదు. గుడ్డే గాడుల్ని పట్టుకుని గుండును తిప్పుతుంది. అది తిరిగితేనే సూటిగా పోతుంది.

ఆ గుడ్డ అచ్చమైన నూలుదై ఉండాలి. మొన్న నా దగ్గరున్నది అయిపోతే, అత్తమ్మ బీరువాలోంచి చనిపోయిన మామయ్య పంచె తీసి ముక్కలు కోసిచ్చింది. "మీ మామ ఒంటిమీద నూలు దప్ప ఇంకోటి ఎక్కలే," అంది.

పదమూడు గుళ్లు కాల్చాలి, అందులో మంచివి పది లెక్కలోకి వస్తాయి. టైము అరగంట. టీమ్‌లో మిగిలింది ఒక్క చోటు. నా చూపు మందగిస్తోంది. దక్కితే ఈ ఏడే దక్కాలి.

మొదటి గుండు నల్లటి వలయం మధ్యలో పడింది. రెండోది ఎడమ అంచుకి జరిగింది. మూడోది కాగితానికే తగల్లేదు. వెనక నుంచి కోచ్ వంగి, "గాడులు అరిగినయ్ మేడం. ఇగ బంద్ జేయుండ్రి," అన్నాడు. మీ తలకాయ అరిగింది అనబోయి మింగాను.

కాలిన గుడ్డ గుండుతోపాటు దూరం పోదు, కాస్త ముందే రాలిపోతుంది. అందరి తుపాకులూ ఖాళీ అయ్యాయని చూసుకుని కోచ్ చేయి ఊపాక వెళ్లి ఒకటి ఏరుకొచ్చాను. నూలైతే మసిబారినా మెత్తగా ఉండాలి. దీని అంచు ఉండ కట్టి గోటికి గట్టిగా తగిలింది.

"అత్తమ్మా, ఇది నూలు గాదు. కరిగి గాడులల్ల అతుక్కున్నది."

ఆమె ముఖం కందగడ్డ అయింది. "మాట మంచిగ రానియ్ బిడ్డా. ఇన్నేండ్లు నేను ఉతికిన పంచె అది!" నా పెట్టెలోంచి కొత్త ముక్క ఒకటి లాక్కుని, వాచ్‌మన్‌ని అగ్గిపెట్టె అడుగుతూ గేటు దాటి వెళ్లిపోయింది. నేను పళ్లు కొరుక్కుంటూ గొట్టంలోకి తీగ బ్రష్ దించాను. గడియారం ఆగదు కదా.

తిరిగొచ్చి అరచెయ్యి చాపింది. నూలు కాలితే మిగిలే బూడిద లేదు, కరిగి గట్టిపడ్డ నల్లటి పూస ఉంది.

"గంజి వెట్టినా పట్టకపోతుండె," అంది. "నీ గంజి పల్చగుంటదని రోజు ఎక్కిరిస్తుండె మీ మామ. నేనింక చిక్కగ కాస్తుంటి. దుకాణంల మోసపోయిండో, నన్నే మోసం జేసిండో."

నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణాన జాలి కలగలేదు. గుడ్డ కావాలి, అంతే. అది ఆమెకీ అర్థమైంది. టిఫిన్ బ్యాగులోంచి తువ్వాలు తీసి, దాని పోగు ఒకటి బయట కాల్చి, బొటనవేలి మీద బూడిద చూపించింది. నా కత్తెర తీసుకుని ముక్కలు కోయడం మొదలుపెట్టింది.

మిగిలినవి పది గుళ్లు. ఇక ఒక్కటి కంటే ఎక్కువ పక్కకి పోవడానికి లేదు.

మందు పోసేవాళ్ల దగ్గర ఎవరూ నోరెత్తకూడదు. ధ్యాస తప్పి రెండుసార్లు పోస్తే గొట్టం పగలొచ్చు. అది నేనే ఆమెకి చెప్పాను. అందుకే నా వెనక కుర్చీలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడుస్తోందని తిరిగి చూడకుండానే తెలుస్తోంది. పోశాను, చుట్టాను, దించాను, కాల్చాను. మళ్లీ అదే. చివరి గుండు పేలాక టైము ఎంత మిగిలిందో చూసే ధైర్యం లేకపోయింది.

కోచ్ టార్గెట్ పట్టుకొచ్చి రెండుసార్లు లెక్కపెట్టాడు. చోటు నాదే. ఎగిరి గంతేసి అత్తమ్మను పట్టుకున్నాను. ఆమె నా వీపు తట్టింది.

ఇంటికొచ్చాక అత్తమ్మ చెప్పులైనా విడవకుండా మామయ్య ఫొటో ముందు నిలబడింది. తిడుతుందేమోనని గుమ్మంలోనే ఆగిపోయాను.

"నా గంజి మంచిగనే ఉండె," అంది.