తోక వంకర తీరిన ఫిల్ము

డెబ్బైలలో మా విజయవాడ కాలేజీలో చేపగుడ్డును సినిమా తీశాం. మైక్రోస్కోపు మీద పాత సినిమా కెమెరా బిగించి, కొన్ని నిమిషాలకొకసారి ఒక్కో ఫ్రేము నొక్కుతూ పోవాలి. ఫిల్ము కడిగించి ప్రొజెక్టరులో వేస్తే, రోజుల ఎదుగుదల నిమిషాల్లో కదిలిపోతుంది. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, చివరికి నల్లటి కళ్ళు, కొట్టుకునే గుండె.

నేను జువాలజీ డిమాన్‌స్ట్రేటర్ని. ప్రయోగం మా లెక్చరరుగారిది. ఆవిడది గుణదల. కంకిపాడు చెరువుల నుంచి బంగారుతీగ చేప గుడ్లను అవి అంటుకున్న గుర్రపుడెక్క వేళ్ళతో సహా తెప్పించి, కొన్నిటిని సన్నటి గాజుసూదితో గుచ్చేది. అలాంటివాటిలో కొన్నిటికి తోక వంకరగా వచ్చేది. ఆ వంకర తర్వాత పోతుందా, ఉండిపోతుందా అన్నది ఆవిడ ప్రశ్న. ఏదైనా సరే, ఒకే గుడ్డును చివరిదాకా చూపే ఫిల్ము తెస్తే ఆవిడను తన దగ్గర పరిశోధనకు చేర్చుకుంటానని వాల్తేరులో ఒక ప్రొఫెసరు మాట ఇచ్చారు.

వంకర తోక గుడ్డు కెమెరా కింద ఉండగానే గుణదలలో మేరీమాత ఉత్సవాలు వచ్చాయి.

"ఇంటినిండా చుట్టాలండీ మాస్టారూ, సాయంత్రానికొచ్చేస్తా. హీరో జాగ్రత్త!"

"పారిపోయే హీరో కాదులెండి మేడం" అన్నాను.

మైక్రోస్కోపు దీపం వేడికి గాజుపళ్ళెంలో నీళ్ళు ఇగిరిపోతాయి. మధ్యమధ్య చుక్కలు వేస్తుండాలి. మధ్యాహ్నం ఏలూరు రోడ్డు మీద టీకి వెళితే స్నేహితుడొకడు తగిలాడు. గుడ్డు ఎండిపోతుంది, వెళ్ళాలన్నాను.

"గుడ్డుకి కాపలా ఏంట్రా? ఎక్కి కూర్చో, తొందరగా పొదుగుతుంది!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, ఇంకో టీ చెప్పాను.

తిరిగొచ్చేసరికి పళ్ళెం ఎండి, గుడ్డు తెల్లగా పాలిపోయి ఉంది. చచ్చిన గుడ్డు అలాగే అవుతుంది. మిగతా గుడ్లున్న తొట్టిలోంచి అదే వయసుదాన్ని ఒకటి ఏరి అక్కడ పెట్టి, మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాను. దాని తోక ఎలా ఉందో చూడలేదు; కెమెరా విప్పితేగానీ కంటితో చూడటం కుదరదు. సాయంత్రం ఆవిడ అడగకముందే, "మధ్యలో కాసేపు కరెంటు పోయిందండీ" అన్నాను. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆ మాటను ఎవరూ అనుమానించేవారు కాదు.

ఫిల్ము మద్రాసులో కడిగించి తెచ్చి గోడ మీద వేశాం. వంకర తోక ఉన్నట్టుండి తిన్నగా అయింది.

"అమ్మయ్యో, వంకర పోయింది! కరెంటు లేనప్పుడే పోయినట్టుంది. చూశారా మాస్టారూ?"

చూశానన్నాను.

ప్రొఫెసరు మరోసారి చేసి చూపించమన్నారు. ఆవిడ వేసవి దాకా గుచ్చుతూనే ఉంది. ఒక్క తోకా తిన్నగా కాలేదు. తన చెయ్యే నిలకడగా లేదనుకుని సూదులు మార్చింది, కాఫీ మానేసింది. నేను పక్కనే నిలబడి నీటిచుక్కలు వేశాను. ఎండలు ముదిరి గుడ్లు దొరకడం ఆగిపోయింది. వాల్తేరులో ఆ చోటు మరొకరికి వెళ్ళింది.

అప్పుడు చెప్పాను. ఆవిడ క్లాసుకు వెళ్ళడానికి సుద్దముక్కలు తీసుకుంటోంది. అంతా విన్నది.

"ఆవేళే చెబితే ఏమయ్యేదండీ? ఇంకో గుడ్డు పెట్టుకునేవాళ్ళం" అని క్లాసుకు వెళ్ళిపోయింది.

తర్వాత కూడా నాతో మామూలుగానే మాట్లాడేది, మాస్టారూ అనే పిలిచేది. మరుసటి చలికాలం గుడ్లు వచ్చినప్పుడు, టిఫిన్ డబ్బా తెచ్చుకుని కెమెరా దగ్గరే కూర్చుని తిన్నది.